తిరగబెట్టిన క్యాన్సర్‌ను పెట్ సిటి ఎలా పట్టిస్తుంది, ఎక్కడ తడబడుతుంది

నోటి క్యాన్సర్‌కి ఆపరేషన్ చేసి, ఆపైన రేడియేషన్ కూడా ఇచ్చిన మెడను కొన్ని నెలల తర్వాత చేత్తో తడిమితే బిరుసుగా, ఎక్కడికక్కడ గట్టిగా తగులుతుంది. కొన్ని కండరాలు, లింఫు గ్రంథులు తీసేసి ఉంటారు. ఛాతీ నుంచో తొడ నుంచో తెచ్చిన కండను అక్కడ అతికించి ఉంటారు. రేడియేషన్ తాకిన కణజాలం బిగుసుకుపోయి ఉంటుంది. అలాంటి మెడలో కొత్తగా ఒక గట్టి చోటు తగిలితే అది పాత గాయపు మచ్చా, మళ్లీ పెరుగుతున్న గడ్డా అన్నది చెయ్యి తిరిగిన సర్జన్ కూడా తడిమి తేల్చలేరు. సిటి స్కాన్ తీసినా సందేహం పూర్తిగా తీరదు. ఏ కణజాలం ఎక్స్‌రేని ఎంత ఆపుతోందన్నదే సిటి కొలిచేది. ఆ కొలతలో మచ్చకీ, బతికున్న క్యాన్సర్‌కీ తేడా చాలాసార్లు కనిపించదు.

క్యాన్సర్ తిరగబెట్టిందో లేదో తేల్చడంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. మొదటిసారి జబ్బు కనుక్కునేటప్పుడు శరీరం తన సహజమైన అమరికలో ఉంటుంది కాబట్టి తేడాగా ఉన్నది ఇట్టే కంటబడుతుంది. వైద్యం అయ్యాక ఆ అమరికే మారిపోతుంది. ఆకారం చూసి చెప్పే పరీక్షలు తడబడే ఈ చోటే పెట్ సిటికి పని దొరికింది.

పెట్ స్కాన్ కణాలు చేస్తున్న పనిని చూస్తుంది. చాలా రకాల క్యాన్సర్ కణాలు మామూలు కణాలకంటే గ్లూకోజ్‌ని ఎక్కువగా లాక్కుంటాయి. జర్మన్ శాస్త్రవేత్త ఒట్టో వార్‌బర్గ్ 1920లలోనే కణితుల్లో ఈ గ్లూకోజ్ వాడకం తీరును గమనించారు. అర్ధ శతాబ్దం తర్వాత దాన్ని వాడుకుని ఎఫ్‌డిజి అనే మందు తయారైంది. గ్లూకోజ్ అణువులో ఒకచోట రేడియోధార్మిక ఫ్లోరిన్-18ని తగిలిస్తే వచ్చేదే ఎఫ్‌డిజి. మనిషికి దాన్ని మొదటిసారి ఇచ్చింది 1976లో, అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో. ఇది గ్లూకోజ్ వెళ్లే దారిలోనే కణంలోకి వెళ్తుంది, మొదటి రసాయన మార్పు జరిగాక ముందుకు కదలలేక అక్కడే ఆగిపోతుంది. ఫ్లోరిన్ నుంచి వెలువడిన పాజిట్రాన్ పక్కనే ఉన్న ఎలక్ట్రాన్‌ని ఢీకొని, రెండూ మాయమై, రెండు ఫోటాన్లు ఎదురెదురు దిక్కులకు దూసుకుపోతాయి. శరీరం చుట్టూ వలయంగా అమర్చిన డిటెక్టర్లు ఆ జంటను ఒకేసారి పట్టుకుంటాయి. అలాంటి లక్షల జంటల లెక్క కడితే ఎక్కడ గ్లూకోజ్ ఎక్కువగా చేరిందో బొమ్మ కడుతుంది.

ఒంటరి పెట్‌కి పెద్ద లోపం ఉండేది. కడుపులో ఒకచోట మెరుపు కనిపిస్తుంది, అది పేగులోదా, పేగు పక్కన లింఫు గ్రంథిదా అన్నది తెలియదు. డాక్టర్లు పెట్ ఫిల్మునీ, వేరే రోజు తీసిన సిటి ఫిల్మునీ పక్కపక్కన పెట్టుకుని కంటితో జత కలుపుకునేవారు. రోగి రెండు రోజుల్లో రెండు రకాలుగా పడుకుంటే, పేగులు కదిలితే ఆ జత కుదిరేది కాదు. డేవిడ్ టౌన్సెండ్, రాన్ నట్ అనే ఇద్దరు పరిశోధకులు కలిసి రెండు యంత్రాలనూ ఒకే గూట్లో పెట్టి, మనిషి ఒకే బల్లమీద కదలకుండా రెండింటి గుండా వెళ్లేలా చేశారు. ఆ నమూనా యంత్రం 1998లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో పనిలోకి వచ్చింది. పాత పద్ధతిలో శరీరం ఎన్ని ఫోటాన్లను దారిలోనే ఆపేసిందో లెక్కగట్టి పెట్ బొమ్మను సరిదిద్దుకోవడానికి విడిగా చేసే కొలతకు చాలా సమయం పట్టేది. సిటి ఆ పనినీ సెకన్లలో చేసిపెట్టడంతో స్కాన్ సమయం కూడా బాగా తగ్గింది. కొద్ది ఏళ్లలోనే విడి పెట్ యంత్రాలు కొనేవాళ్లు లేకుండా పోయారు.

ఈ కలయిక ఎంత మేలు చేసిందో చెప్పడానికి తల, మెడ క్యాన్సర్లను మించిన ఉదాహరణ లేదు. మెడ గ్రంథులకు బాగా పాకిన జబ్బుకు కీమో, రేడియేషన్ కలిపి ఇచ్చాక, గ్రంథుల్లో ఏమైనా మిగిలిందేమోనన్న భయంతో చాలామందికి ముందుజాగ్రత్తగా మెడ ఆపరేషన్ కూడా చేసేసేవారు. తీసిన గ్రంథుల్లో చాలాసార్లు క్యాన్సర్ ఉండేది కాదు. భుజం ఎత్తలేకపోవడం, మెడ పట్టేయడం, మొహం వాయడం మాత్రం రోగికి మిగిలేవి. బ్రిటన్‌లో 564 మందిని రెండు గుంపులు చేసి దీన్ని పరీక్షించారు. ఒక గుంపుకి ఎప్పటిలాగే మెడ ఆపరేషన్. రెండో గుంపుకి వైద్యం ముగిసిన 12 వారాలకు పెట్ సిటి తీసి, అందులో అనుమానం ఉన్నవాళ్లకే ఆపరేషన్. 2016లో ఫలితాలు వచ్చాయి. మొదటి గుంపులో 221 ఆపరేషన్లు జరిగితే రెండో గుంపులో 54 సరిపోయాయి. రెండేళ్ల తర్వాత బతికున్నవారు మొదటి గుంపులో 81.5 శాతం, స్కాన్ గుంపులో 84.9 శాతం. స్కాన్‌ని నమ్మి కత్తి పక్కన పెట్టినందువల్ల ఎవరి ప్రాణానికీ అదనపు ముప్పు రాలేదు.

ఆ 12 వారాల గడువును ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. జనం కరెంటు పెట్టడం అని పిలిచే ఈ రేడియేషన్, క్యాన్సర్ కణాలతోపాటు చుట్టూ ఉన్న కణజాలాన్నీ మంటపెడుతుంది. ఆ వాపును చక్కదిద్దడానికి వచ్చే తెల్ల రక్తకణాలు కూడా గ్లూకోజ్‌ని ఆబగా వాడుకుంటాయి. నెల తిరక్కుండానే స్కాన్ తీస్తే మెడంతా వెలిగిపోయి, లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ రిపోర్టు పట్టుకుని ఇంటిల్లిపాదీ పడే వేదన అంతా ఇంతా కాదు. ఆత్రంతో తొందరపడి తీయించిన స్కాన్ ఖర్చుకి ఖర్చు, దుఃఖానికి దుఃఖం.

ఈ బ్రిటన్ అంకెలను తెలుగు నేలకు యథాతథంగా తెచ్చుకోవడం కూడా సరికాదు. ఆ పరీక్షలో ఎక్కువమందిది గొంతు వెనక భాగంలో, హెచ్‌పివి వైరస్ వల్ల వచ్చిన క్యాన్సర్. అది వైద్యానికి బాగా లొంగే రకం. మన దగ్గర ఎక్కువగా కనిపించేది గుట్కా, ఖైనీ, చుట్ట తెచ్చిపెట్టే నోటి క్యాన్సర్. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అంగిట్లో క్యాన్సర్‌కి కారణమని దశాబ్దాల కిందటే వైద్య సాహిత్యానికి ఎక్కింది. ఈ రకాలకు మొదటి వైద్యం ఆపరేషనే, తిరగబెట్టే స్వభావమూ ఎక్కువే. అయినా ఒక్క సంగతి రెండు చోట్లా నిలుస్తుంది: సరైన గడువు తర్వాత తీసిన పెట్ సిటిలో ఏ మెరుపూ లేకపోతే ఆ మాటను బాగా నమ్మవచ్చు. మెరుపు ఉంటే మాత్రం అంతే గట్టిగా నమ్మడానికి లేదు, ముక్క తీసి పరీక్ష చేయాల్సిందే.

నోరు, గొంతు స్కాన్లలో డాక్టర్లను మోసం చేసే ఒక దృశ్యం చెప్పుకోవాలి. థైరాయిడ్ ఆపరేషన్‌లోనో, ఛాతీలో గడ్డ నొక్కడం వల్లనో ఎడమ స్వరతంత్రికి వెళ్లే నరం దెబ్బతింటే ఆ తంత్రి కదలదు. మాట్లాడేటప్పుడు కుడి తంత్రి ఒక్కటే రెట్టింపు కష్టపడుతుంది, గ్లూకోజ్‌నీ ఎక్కువగా తీసుకుంటుంది. స్కాన్‌లో కుడివైపు గొంతులో ప్రకాశవంతమైన చుక్క పడుతుంది. తెలియనివాళ్లు దాన్ని తిరగబెట్టిన గడ్డ అనుకుంటారు. నిజానికి జబ్బుపడింది వెలగని ఎడమ పక్క. ఇంజెక్షన్ తర్వాత గంటసేపు మాట్లాడకుండా కూర్చోమని టెక్నీషియన్ పదేపదే చెప్పేది ఇందుకే.

రక్తపరీక్ష మొదట అనుమానం రేపే క్యాన్సర్లలో ఈ స్కాన్ పాత్ర ఇంకో రకం. పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ అయినవాళ్ల రక్తంలో సిఇఎ అనే సూచిక పెరుగుతూ పోతుంటే, మామూలు సిటిలో ఏమీ దొరకకపోతే, పెట్ సిటి దాగిన చోటును చూపించగలదు. కాలేయంలో ఒకే ఒక్క గడ్డ ఉంటే కోసి తీసేయవచ్చు, మరెక్కడా లేదన్న భరోసా ముందు కావాలి. థైరాయిడ్ క్యాన్సర్‌లో రక్తంలో థైరోగ్లోబులిన్ అనే ప్రొటీన్ పెరిగి, అయోడిన్ స్కాన్ ఖాళీగా ఉంటే ఎఫ్‌డిజి పనికొస్తుంది. అయోడిన్‌ని పట్టుకునే గుణం పోగొట్టుకున్న కణాలు తరచూ గ్లూకోజ్ మీద పడతాయి. ఆ స్కాన్‌లో మెరుపు కనిపించడం ఆ జబ్బు మొండిదన్న సూచన కూడా.

ప్రోస్టేట్ క్యాన్సర్ కథ వేరు. దానికి గ్లూకోజ్ మీద అంత మోజు లేదు, ఎఫ్‌డిజి అక్కడ పెద్దగా పనిచేయదు. పిఎస్‌ఎంఎ అనే ప్రొటీన్ ఆ కణాల మీద దట్టంగా ఉంటుంది. దానికి అతుక్కునే అణువుకు గాలియం-68ని జోడిస్తే తిరగబెట్టిన జబ్బు మునుపెన్నడూ కనిపించనంత చిన్న పరిమాణంలో పట్టుబడుతోంది. అమెరికాలో దీనికి 2020 డిసెంబరులో మొదటి ఆమోదం దొరికింది. కాలిఫోర్నియాలో రెండు విశ్వవిద్యాలయాలు కలిసి, వైద్యం తర్వాత రక్తంలో పిఎస్ఎ (ప్రోస్టేట్ కణాల నుంచి వచ్చే ప్రొటీన్) మళ్లీ పెరిగిన 635 మందిని ఈ స్కాన్‌తో చూశాయి. పిఎస్ఎ 5 దాటినవాళ్లలో 97 శాతం మందిలో చోటు దొరికింది. 0.5కంటే తక్కువ ఉన్నవాళ్లలో దొరికింది 38 శాతం మందిలోనే.

ఈ రెండు అంకెల మధ్య పెద్ద ఇరకాటం దాగి ఉంది. ఆపరేషన్ తర్వాత జబ్బు తిరగబెడితే రేడియేషన్‌తో పూర్తిగా నయం చేసే అవకాశం పిఎస్ఎ 0.5 లోపు ఉన్నప్పుడే ఎక్కువ. స్కాన్ బాగా చూడగలిగే రోజు వచ్చేసరికి ఆ అవకాశం తరిగిపోతుంది. కాబట్టి స్కాన్‌లో ఏమీ కనపడలేదు, ఇంకొన్నాళ్లు చూద్దాం అని రేడియేషన్ వాయిదా వేయడం మంచిది కాదు. ఖాళీ స్కాన్ జబ్బు లేదని చెప్పడం లేదు, యంత్రం కంటికి ఆనేంత పెద్దది కాలేదని మాత్రమే చెబుతోంది. అదే స్కాన్ ఎముకలోనో, దూరంలో ఉన్న గ్రంథిలోనో చుక్క చూపిస్తే వైద్యం దారే మారిపోతుంది. అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో 165 మందితో చేసిన పరీక్షలో, ఫ్లూసిక్లోవిన్ అనే మరో ట్రేసర్‌తో (పెట్ కోసం ఎక్కించే రేడియోధార్మిక మందుతో) తీసిన పెట్‌ను బట్టి రేడియేషన్ ఎవరికి, ఎక్కడివరకు అన్నది నిర్ణయించారు. మూడేళ్ల తర్వాత జబ్బు ముదరకుండా ఉన్నవాళ్లు పాత పద్ధతిలో 63 శాతమైతే, పెట్ సాయం తీసుకున్న గుంపులో 75.5 శాతం. జబ్బు చోటు తెలియడం వేరు, తెలిసినందువల్ల రోగికి మేలు జరగడం వేరు. రెండోది ఇంత స్పష్టంగా రుజువైన సందర్భాలు ఈ రంగంలో తక్కువే.

మెదడు విషయంలో ఎఫ్‌డిజి దాదాపు చేతులెత్తేస్తుంది. మెదడు మామూలుగానే గ్లూకోజ్ మీద నడుస్తుంది, అంతా వెలుగే అయినచోట గడ్డ వెలుగు వేరుగా తెలియదు. అక్కడ ఎమ్ఆర్ఐ ముందుంటుంది, రేడియేషన్ వల్ల చచ్చిన కణజాలమా, తిరిగొచ్చిన గడ్డా అన్న సందేహం తీరకపోతే అమైనో ఆమ్లాల ఆధారంగా చేసిన ట్రేసర్లతో పెట్ తీస్తారు. అన్ని క్యాన్సర్లకూ ఒకే ఇంజెక్షన్ చాలదన్నది రోగులకు అంతగా తెలియని విషయం. జిగురు పదార్థం ఎక్కువగా ఉన్న పేగు క్యాన్సర్లు, కొన్ని కాలేయ క్యాన్సర్లు ఎఫ్‌డిజికి సరిగ్గా చిక్కవు. మూత్రపిండాలు, మూత్రాశయం దగ్గర మూత్రంలోకి వచ్చిన మందే మెరుస్తూ అడ్డుపడుతుంది. 7, 8 మిల్లీమీటర్లకంటే చిన్నవి ఎక్కడున్నా జారిపోవచ్చు.

ఇక మన దేశంలో పెట్ సిటి రిపోర్టు చదివేవాళ్లందరూ నిత్యం తలపడే శత్రువు టీబీ. ప్రపంచంలోని టీబీ రోగుల్లో సుమారు నాలుగో వంతు ఇక్కడే ఉన్నారు. క్షయ గ్రంథిలో చేరిన రక్షణ కణాలు క్యాన్సర్ కణాల్లాగే గ్లూకోజ్‌ని తినేస్తాయి. రొమ్ము క్యాన్సర్ వైద్యం ముగిసిన రెండేళ్లకు తీసిన స్కాన్‌లో ఛాతీ మధ్య బిళ్లలు వెలిగాయంటే అది తిరగబెట్టడమే అని తేల్చేయడానికి లేదు. రెండు ఊపిరితిత్తుల మొదళ్లలోనూ ఒకేలా, ఇరువైపులా సమానంగా వెలిగితే టీబీ, సార్కాయిడ్ (గ్రంథులు ఉబ్బే, క్యాన్సర్ కాని జబ్బు) లాంటి జబ్బుల మీదకే అనుమానం ముందు పోవాలి. వెలుగు తీవ్రతను కొలిచే ఎస్‌యువి అంకె ఇక్కడ సాయపడదు, టీబీ గ్రంథికీ 10 దాటిన విలువ రావచ్చు. రిపోర్టులో 2.5 దాటితే క్యాన్సర్ అని చాలామంది అనుకుంటారు, ఆ గీతకు అంత బలం లేదు. శ్వాసనాళం గుండా అల్ట్రాసౌండ్ చూపుతో సూది పంపి ఆ బిళ్లలోంచి కాస్త ద్రవం, కణాలు తీయవచ్చు. కీమో మళ్లీ మొదలుపెట్టే ముందు ఆ పరీక్ష చేయించమని అడిగే హక్కు ప్రతి రోగికీ ఉంది, అడగాలి కూడా. ఆరు నెలల టీబీ మందులతో పోయే జబ్బుకి నాలుగో దశ క్యాన్సర్ అన్న ముద్ర పడటాన్ని మించిన అన్యాయం వైద్యంలో మరొకటి లేదు.

ఇలాంటి మోసాలు ఇంకా ఉన్నాయి. కీమో తర్వాత తెల్లకణాలు పెరగడానికి ఇచ్చే ఇంజెక్షన్ వల్ల ఎముక మజ్జ అంతా వెలుగుతుంది. షుగర్ రోగులు వాడే మెట్‌ఫార్మిన్ పేగును వెలిగిస్తుంది. ఏసీ గదిలో వణికిన సన్నటి మనిషికి మెడ, భుజాల దగ్గర ఒంటికి వేడి పుట్టించే గోధుమరంగు కొవ్వు మెరుస్తుంది, అందుకే దుప్పటి కప్పుతారు. సిటి కొన్ని సెకన్లలో అయిపోతుంది, పెట్ నిమిషాలపాటు సాగుతుంది. ఈలోగా ఊపిరితోపాటు కాలేయం కిందికీ మీదికీ జరుగుతుంది కాబట్టి కాలేయం పైభాగంలో ఉన్న గడ్డ ఊపిరితిత్తి అడుగున ఉన్నట్టు బొమ్మలో పడవచ్చు. పళ్లకు వేసిన లోహపు తొడుగుల చుట్టూ సిటి లెక్క తప్పి, లేని వెలుగు పుట్టుకొస్తుంది. రిపోర్టు రాసే డాక్టర్ సరిదిద్దని మూల చిత్రాన్ని కూడా తెరిచి చూస్తే ఆ దొంగ వెలుగు బయటపడుతుంది.

ఇన్ని తెలిశాక కూడా కుటుంబాలు అడిగే ప్రశ్న ఒకటి మిగిలే ఉంటుంది. ఏ ఇబ్బందీ లేకపోయినా ఏడాదికోసారి పెట్ సిటి తీయిస్తే మంచిది కదా, ముందే తెలిస్తే ముందే వైద్యం చేయవచ్చు కదా అని. ఆ ఆశ ఎంతో సహజమైనది. దాన్ని పరీక్షకు పెట్టినప్పుడు వచ్చిన జవాబులు మాత్రం ఆ ఆశకు అనుకూలంగా లేవు. పెట్ సిటి రాకముందే, 1994లో ఇటలీ నుంచి వచ్చిన రెండు పరీక్షల్లో కలిపి 2,500 మందికి పైగా రొమ్ము క్యాన్సర్ మహిళలను చూశారు. క్రమం తప్పకుండా ఎముకల స్కాన్లు, ఎక్స్‌రేలు తీసినవాళ్లు, ఒంటి పరీక్ష, మామోగ్రామ్‌తో సరిపెట్టుకున్నవాళ్లకంటే ఎక్కువకాలం ఏమీ బతకలేదు. అండాశయ క్యాన్సర్‌లో 529 మందితో చేసిన పరీక్ష 2010లో వెలువడింది. రక్తంలో సిఎ-125 అనే సూచిక పెరగ్గానే కీమో మొదలుపెట్టినవాళ్లు, లక్షణాలు కనిపించేదాకా ఆగినవాళ్లకంటే దాదాపు ఐదు నెలలు ముందే మందులెక్కించుకున్నారు. ఆయుష్షులో తేడా లేదు. ముందు మొదలుపెట్టినవాళ్ల రోజువారీ జీవితమే ముందుగా కుంటుపడింది. అమెరికాలోని క్యాన్సర్ వైద్యుల సంఘం ఆస్కో, లక్షణాలు లేనివాళ్లకు ఆనవాయితీగా పెట్ సిటి తీయవద్దని 2013లో స్పష్టంగా చెప్పింది.

తిరగబెట్టిన జబ్బును కోసి తీయగలిగే, రేడియేషన్‌తో చంపగలిగే అవకాశం ఉన్నచోట ముందే కనిపెట్టడానికి విలువ ఉంది. పేగు క్యాన్సర్ నుంచి కాలేయానికి వచ్చిన ఒంటరి గడ్డ, మెడలో మిగిలిన ఒక గ్రంథి, ప్రోస్టేట్ తీసిన చోట మొలిచిన చిన్న అంకురం అలాంటివి. మిగతాచోట్ల ఏ అనుమానమూ లేకుండా తీసిన స్కాన్ వల్ల ముందుగా వచ్చేది బాధ ఒక్కటే. పైగా ఎఫ్‌డిజి నుంచే సుమారు 7 మిల్లీసీవర్టుల రేడియేషన్ పడుతుంది, సిటి దాని మీద అదనం. క్యాన్సర్ ఉన్న మనిషికి అవసరమైన స్కాన్‌లో అది లెక్కలోది కాదు. లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) పూర్తిగా నయమైన పాతికేళ్ల అబ్బాయికి ఏటేటా ఊరికే ఇవ్వడం మాత్రం సమర్థించుకోలేనిది.

దూరం కూడా ఈ పరీక్షను నిర్ణయిస్తుంది. ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకు సగం అయిపోతుంది. హైదరాబాద్‌లో సైక్లోట్రాన్ (ఫ్లోరిన్-18ని తయారుచేసే పెద్ద యంత్రం) నుంచి తీసిన మందు ఐదు గంటల దూరంలో ఉన్న ఊరికి రోడ్డున వెళ్తే, చేరేసరికి మిగిలేది ఏడో వంతు. గాలియం-68 ఇంకా త్వరగా, 68 నిమిషాలకే సగమవుతుంది, అయితే దాన్ని ఆస్పత్రిలోనే చిన్న జనరేటర్ నుంచి తీసుకోవచ్చు. ఎఫ్‌డిజి మాత్రం సైక్లోట్రాన్ నుంచే త్వరగా చేరాలి కాబట్టి స్కాన్ యంత్రాలు పెద్ద ఊళ్లలోనే పోగుపడ్డాయి. శ్రీకాకుళం జిల్లా పల్లె నుంచో, ఆదిలాబాద్ తండా నుంచో వచ్చే రోగికి స్కాన్ ఖర్చుకి తోడు రానుపోను ఛార్జీలు, బస, ఇద్దరి కూలి పోవడం కలుస్తాయి. అలా వచ్చిన మనిషి పొద్దున్నే ఇడ్లీ తిన్నందుకో, షుగర్ 200 దాటినందుకో వెనక్కి పంపితే ఆ నష్టం పూడ్చలేనిది. ఆరు గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకూడదని, ముందురోజు బరువు పనులు చేయకూడదని, షుగర్ మందుల సంగతి ముందే డాక్టర్‌ని అడగాలని అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే తెలుగులో, కాగితం మీద రాసి ఇవ్వడం ప్రతి స్కాన్ సెంటర్ బాధ్యత.

పాత స్కాన్ సిడిని, పాత రిపోర్టుని వెంట తీసుకెళ్లమని కూడా అందులో ఉండాలి. ఒక్క స్కాన్‌లో కనిపించిన చిన్న చుక్కకు అర్థం చెప్పడం కష్టం. అదే చుక్క ఏడాది కిందట కూడా అక్కడే, అంతే వెలుగుతో ఉందని తెలిస్తే చాలావరకు తేలికపడవచ్చు. కొత్తగా పుట్టిందని తెలిస్తే వెంటనే సూది పరీక్షకు పంపవచ్చు. వీలైతే రెండోసారి కూడా అదే సెంటర్‌లో, అదే యంత్రం మీద తీయించాలి. ఇంజెక్షన్ తర్వాత ఆగిన సమయం, యంత్రం తీరు మారితే ఎస్‌యువి అంకెలు వాటంతటవే మారిపోతాయి. రిపోర్టు ఒక్కటే దాచుకుని సిడి పారేసుకున్నవాళ్ల దగ్గర కొత్త డాక్టర్‌కి పోల్చుకోవడానికి బొమ్మలు మిగలవు.